గేటు పడ్డ మాటలు

మా ఆవిడ రోజూ పొద్దున్నే నన్ను అడిగేది ఒకటే మాట. "ఏమండీ, ఉన్నారా?"

ఆమె ఉండేది విశాఖపట్నంలో, ప్రయోగశాల పక్కనున్న వార్డులో. నేను ఉండేది తెనాలిలో, శుభలేఖలు అచ్చువేసే మా షాపులో. మా ఇద్దరి మధ్యా ఒక లైను. షాపు తెరవగానే ఫ్యాను వేసి, కంప్యూటర్ ఆన్ చేసి, ప్రయోగశాలవాళ్ళు ఇచ్చిన పాస్‌వర్డు కొట్టి లాగిన్ అవుతాను. నల్లటి తెర వస్తుంది. కాసేపటికి దాని మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే పడతాయి. ఏమండీ, ఉన్నారా?

"ఉన్నాను హైమా" అని కింద పెట్టెలో రాసి, పంపించే బటన్ నొక్కుతాను. "ఉన్నాను, చెప్పు" అని ఇంకోసారి పంపుతాను. నేను రాసింది పెట్టెలోంచి మాయమవుతుంది. అంటే వెళ్ళినట్టే. అటునుంచి మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. టీ చల్లారిపోతుంది. ఎవరో పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, కార్డులో తన పేరు పక్కన డిగ్రీ పడలేదని నా మీద ఎగురుతాడు. ఒక కన్ను తెర మీద వేసి, ఇంకో కన్నుతో ఆయన్ని భరిస్తాను. సాయంత్రం వార్డులో లైను కట్టేస్తారు. మర్నాడు కొత్తగా తెరుస్తారు. మళ్ళీ అదే ప్రశ్న.

అసలే నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. ఆ రోజుల్లో కుర్చీకీ గుమ్మానికీ మధ్య తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాను.

ఆ ఏడు వచ్చిన నరాల జ్వరం హైమవతిని ప్రాణాలతో వదిలేసి మిగతావన్నీ పట్టుకుపోయింది. చూపు లేదు, వినికిడి లేదు, కాలూ చెయ్యీ కదలవు. చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నట్టు కూడా తెలియదు. లోపల మనిషి ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. డాక్టర్ కరుణాకరం గారు కొత్తగా ఒక మిషన్ చేశారని విని నేనే ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. తలలో పలచటి రేకు ఒకటి అమరుస్తారు. మనిషి వేళ్ళు కదిలించాలనుకుంటే చాలు, కదలకపోయినా, ఏ వేలు ఏ కీ నొక్కాలనుకుందో ఆ రేకు పట్టుకుంటుంది. అది మంచం పక్కనున్న మిషన్‌కి పోయి తెర మీద అక్షరమవుతుంది. ఇటునుంచి మనం కొట్టిన అక్షరం ఆ వేళ్ళ కింద కీ తగిలినట్టు లోపలి మనిషికి తెలుస్తుంది. రేకు ఎవరిది వారికే. మిషన్ మాత్రం లోకం మొత్తానికి అదొక్కటే.

హైమకి ఇంతకన్నా సరిపడే మిషన్ ఉండదనుకున్నాను. ఆమె మా షాపులో ఇరవై ఏళ్ళు డీటీపీ ఆపరేటర్. ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఆమె వేళ్ళ మీదుగానే జరిగాయని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

మొదట్లో వచ్చిందంతా చెత్తే. అర్థం లేని హల్లులు, వాటి నెత్తిన సంబంధం లేని ఒత్తులు. డాక్టరుగారి మొహం వాడిపోయింది. వాళ్ళ ఇంజినీరు నౌషీన్ మాత్రం నాకు ఫోన్ చేసి, హైమగారు ఏ కీబోర్డు మీద పనిచేసేవారని అడిగింది. గుంటూరు పిల్ల, మాట గలగలా వస్తుంది. మా షాపు కీబోర్డు ఫొటో తీసి పంపాను. ఇప్పటి కుర్రవాళ్ళ కీబోర్డు వరస వేరు, మా పాత డీటీపీ వరస వేరు. ఆ వరసకు మార్చగానే తెర మీద తెలుగు పడింది. తర్వాత ఇంకో తంటా. హైమ తప్పు కొట్టి చెరపబోతే చెరగకపోగా పిచ్చి గుర్తులు పడేవి. చెరిపే కీ అంటే మిషన్ ఒకటి అనుకుంటోంది, ఆమె వేలు ఇంకోటి అనుకుంటోంది. నౌషీన్ ఒక పూట కూర్చుని దాన్నీ సరిచేసింది.

ఆ వారం మేమిద్దరం ఎన్ని మాటలు చెప్పుకున్నామో! ఆమె వేళ్ళు తడబడుతూ ఒక్కో అక్షరం వెతుక్కునేవి. "చీకటిగా ఉంది. మీరు మాట్లాడితే ఫర్వాలేదు" అంది. రోజురోజుకీ వేగం పెరిగింది. పాత హైమ తిరిగి వస్తోందని ఎగిరి గంతేశాను. సరిగ్గా అప్పుడే ఆగిపోయింది. బాగుపడుతున్న కొద్దీ మూగబోయింది. చివరికి మిగిలింది ఆ ఒక్క ప్రశ్న.

కిందటి సోమవారం నన్ను విశాఖ పిలిపించారు.

"బదరీనాథ్ గారూ, మీకు బాధగా ఉంటుంది, అయినా చెప్పక తప్పదు" అన్నారు కరుణాకరం గారు. "రోజూ అదే వాక్యం. మీరేం చెప్పినా దానికి జవాబు లేదు. ఇది ఆలోచన కాదండీ. మెదడులో పడిపోయిన గాడి."

"మరి ఆ గీతలు కదులుతున్నాయిగా?" అన్నాను. ఆమె మెదడు కదలికలు చూపించే తెర మీద రోజంతా గీతలు ఎగిరిపడుతూనే ఉన్నాయి.

"బెల్టు ఊడిపోయినా మోటారు తిరుగుతుంది కదండీ, ఇదీ అంతే. శుక్రవారం నిపుణులు కూర్చుంటున్నారు. మిషన్ తీసి ఇంకొకరికి పెడదామనే అంటారు."

ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలుసు. వరండాలో బల్ల మీద ఆ అబ్బాయి తల్లి కూర్చుని ఉంటుంది, పైడమ్మ. విజయనగరం అవతల ఏదో ఊరు. కాలేజీలో చదువుకునే కొడుకుని అదే జ్వరం పట్టుకుంది. రేకు అమర్చడం అయిపోయింది, మిషన్ కోసమే కాచుకుని ఉన్నారు.

"బాబూ, మా గుంటడికి ఆ మిషను ఎప్పుడెడతారో మీకేటైనా తెలుసా?" అని అడిగింది నన్ను. ఆ మిషన్ ఎవరి దగ్గరుందో ఆమెకు తెలియదు. నాకు తెలియదమ్మా అని చెప్పి గబగబా మెట్లు దిగిపోయాను. మర్నాటికి తెనాలి వచ్చి పడ్డాను. ముహూర్తాలు దగ్గరపడ్డాయని పైకి చెప్పుకున్నానుగానీ, అక్కడ కూర్చోలేకే వచ్చేశాను.

బుధవారం మధ్యాహ్నం నౌషీన్ ఫోన్ చేసింది.

"సార్, తప్పంతా హైమగారిదేనని వీళ్ళందరూ అంటున్నారు. నాకెందుకో లైను మీదే అనుమానం. ఆవిడ లైను అలాగే తెరిచి ఉంచాను, దాన్ని ముట్టుకోను. అచ్చం అలాంటిదే ఇంకో లైను పెట్టాను. అందులో మీరు ఆవిడ స్థానంలో కూర్చుని ఏదో ఒకటి కొట్టండి. ఆవిడ కీబోర్డు మీదే."

"ఏం కొట్టమంటావమ్మా?"

"మీ ఇష్టం. తోచింది కొట్టండి."

హైమ కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, తోచింది కొట్టాను. తెనాలిలో ఎండ మండిపోతోంది. తెర మీద చక్కగా పడింది. తర్వాత, మా మిషన్‌లో సిరా అయిపోయింది అని కొట్టాను. ఒక్క అక్షరం పడలేదు. మళ్ళీ కొట్టాను. కీబోర్డు అదిరేట్టు కొట్టాను. తెర కదల్లేదు.

"చూశావా? నాదీ ఆగిపోయింది! మరి నాక్కూడా మెదడులో గాడి పడిందా? కనుక్కో మీ డాక్టరుగారిని!" అని అరిచాను.

నౌషీన్ మెల్లగా అంది. "సార్, ఎండ మండిపోతోంది అన్నాక మీరు ఇంకోటి నొక్కారు."

"నేనేం నొక్కలేదు."

"నొక్కారు సార్. నాకిక్కడ కనపడుతోంది. కంట్రోలూ, ఎస్సూ."

"అదా! అది సేవ్ అమ్మా. అది కూడా ఒక నొక్కడమేనా?"

నిజంగానే దాన్ని నొక్కడం కింద నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మా షాపు పెట్టినప్పుడు కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. హైమ ఒకసారి పెద్ద పెళ్ళికార్డు అంతా కొట్టేసి, ఆఖరి వాక్యం దగ్గర కరెంటు పోయి, మొత్తం పోగొట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటినుంచి మా ఇద్దరికీ వాక్యం అయితే చాలు, వేళ్ళు వాటంతట అవే సేవ్ నొక్కేస్తాయి. ఊపిరి పీల్చుకున్నట్టే, మధ్యలో ఆలోచన ఉండదు.

"సార్, ఈ లైను చాలా పాతకాలం పద్ధతిది" అంది నౌషీన్. "ఎక్కడా తెగదని, తేలిగ్గా ఉంటుందని దీన్ని పెట్టాం. పూర్వం ఇటువైపు నిదానంగా అచ్చుకొట్టే మిషన్లు ఉండేవంట. అవి అందుకోలేకపోతే, కాస్త ఆగు అని అటువైపు చెప్పడానికి ఒక సైగ ఉండేది. ఆ సైగే ఈ రెండు కీలు. అది నొక్కితే లైనులో గేటు పడిపోతుంది. మళ్ళీ ఎత్తమనే దాకా ఇటు మాట అటు పోదు, అటు మాట ఇటు రాదు."

"అది మీకు తెలియదా?"

"చదువుకున్నాం సార్. కానీ దాన్ని ఎవరైనా నొక్కుతారని అనుకోలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక సేవ్ నొక్కలేదు. దానంతటదే అయిపోతుంది కదా. మా ల్యాబులో అందరమూ అంతే. ఆవిడ దగ్గర్నుంచి వచ్చేవాటిలో అక్షరాలే చూశాం. అక్షరం కానివన్నీ చెత్తని పక్కన పడేశాం."

నాకు అప్పటికి వెలిగింది. మొదటివారం అక్షరాలు వెతుక్కునే ఆత్రంలో హైమ సేవ్ నొక్కలేదు. వేళ్ళకి పాత అలవాటు తిరిగి వచ్చాక, ఒక వాక్యం రాసి సేవ్ నొక్కేది. గేటు పడేది. నేను ఉన్నానని చెప్పినవన్నీ ఇవతల ఆగిపోయేవి. ఆమె చెప్పుకున్నవన్నీ అవతల ఆగిపోయేవి. సాయంత్రం లైను కట్టేసినప్పుడు అవన్నీ పారబోసేవాళ్ళం. జవాబు రాలేదు కాబట్టి మర్నాడు పొద్దున్నే ఆమె మళ్ళీ, ఉన్నారా అని అడిగేది. దానికి గాడి అని పేరు పెట్టాం.

"ఎత్తు తల్లీ" అన్నాను. "ఆ గేటు ఎత్తు."

నౌషీన్ హైమ లైనులో ఏదో నొక్కింది. నా తెర ఒక్కసారిగా పారడం మొదలుపెట్టింది.

*ఇవాళ కూడా లేరన్నమాట. ఎవరైనా ఉంటే చెప్పండి. నర్సమ్మ అయినా సరే. నేను కొట్టేది ఎక్కడికైనా పోతోందా? సరే, ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుంది, ఒక కార్డు కొడతాను. శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు.* ఆ తర్వాత నిండు శుభలేఖ. లేని పెళ్ళికూతురు, లేని పెళ్ళికొడుకు, ఇద్దరి తాతముత్తాతల పేర్లు, సుముహూర్తం, విందు, బంధుమిత్రుల అభినందనలతో సహా. ఒక్క తప్పు లేదు. అది అవగానే ఇంకో కార్డు. చీకట్లో కూర్చుని ఆమె రోజంతా పెళ్ళిళ్ళు చేసుకుంటూ గడిపిందన్నమాట. నాకు దుఃఖం ఆగలేదు. కార్డులు తీసుకోవడానికి వచ్చినాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

చివర్లో ఇలా ఉంది. *డాక్టరుగారూ, ఈ మిషన్ తీసేయించండి. ఏమీ లేకపోయినా ఉండగలను. అడిగి, అడిగి, జవాబు రాకపోతే మాత్రం ఉండలేకపోతున్నాను.*

అదే సమయానికి నేను పొద్దుటినుంచి పంపినవన్నీ అటు పోయి ఆమె వేళ్ళ కింద పడి ఉంటాయి. అక్షరాలు ఠక్కున ఆగిపోయాయి. చాలాసేపటికి ఒక మాట పడింది. "ఎవరు?"

"ఆ పెట్టెలో రాసి పంపడం వద్దు సార్" అంది నౌషీన్. "ఇక నేరుగా కొట్టండి. మీరు ఒక్కో కీ నొక్కగానే ఆవిడ వేలికి తెలుస్తుంది. మీ ఇష్టమొచ్చినన్ని సేవ్‌లు నొక్కుకోండి, ఇంక గేటు పడదు. ఆ పద్ధతే తీసేశాను."

"నేను, బదరిని" అని కొట్టాను. "లైను పాడైంది. రోజూ ఉన్నాను. రోజూ జవాబిచ్చాను. నీకు అందలేదు."

"నన్ను మభ్యపెట్టడానికి ఎవరో రాస్తున్నారు" అంది హైమ.

ఏం చెప్పి నమ్మించను? మా పెళ్ళినాటి సంగతులు గుర్తుచేయబోయాను. కంగారులో సగం తప్పులే పడుతున్నాయి. ఒక వాక్యం పూర్తికాకుండానే ఆమె అడ్డం వచ్చింది. "ఆగండి. ఒత్తు కోసం అంతసేపు వెతుక్కునేదీ, స్పేసు రెండుసార్లు కొట్టేదీ మీరొక్కరే. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని ఇంకా నేర్చుకోలేదా?"

బతికున్న మనిషి తిట్టిన తిట్టు! కుర్చీలోంచి లేచి షాపంతా తిరిగాను.

ఆ సంతోషం గంట కూడా నిలవలేదు. కరుణాకరం గారు ఫోన్ చేశారు. "నేను పొరపాటుపడ్డాను, క్షమించండి. శుక్రవారం మీటింగు అక్కర్లేదు. ఆవిడ పూర్తి స్పృహలో ఉన్నారు. అందుకే ఇప్పుడు ఆవిడ మాట వినాలి. తీసేయించమని స్పష్టంగా రాశారు."

"అది నేను లేననుకుని రాసిందండీ!"

"అయితే మళ్ళీ అడగండి. ఉంచమంటే ఉంచుతాను. తీసేయమంటే మీరు అడ్డుపడకూడదు."

రైలెక్కాను. దారి పొడుగునా కిటికీ దగ్గరా తలుపు దగ్గరా నిలబడే ఉన్నాను. నేను వచ్చేదాకా హైమతో మాట్లాడుతూ ఉండమని నౌషీన్‌కి చెప్పాను. మర్నాడు వార్డుకి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. హైమ జుట్టు నున్నగా దువ్వి ఉంది. మూరెడు దూరంలో ఉన్న మనిషితో కూడా ఆ లైను గుండానే మాట్లాడాలి. డాక్టరుగారు వెనక నిలబడి తెర చూస్తుండగా కీబోర్డు ఒళ్ళో పెట్టుకున్నాను.

"వచ్చాను. నీ పక్కనే ఉన్నాను. హైమా, మిషన్ తీసేయమంటావా?"

కీబోర్డు మీంచి వేళ్ళు తీసి తెరకేసి చూశాను.

"నిన్న రాత్రి ఆ అమ్మాయి, పడుకోవడానికి వెళ్తున్నాను, పొద్దున వస్తాను అని చెప్పి వెళ్ళింది" అంది చివరికి. "తర్వాత ఏమీ లేదు. అయినా నిద్రపట్టింది. చెప్పి వెళ్తే ఉండగలను. చెప్పి వెళ్తారా?"

"చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళను."

"అయితే ఉంచమనండి."

డాక్టరుగారు తల ఊపి బయటికి వెళ్ళిపోయారు. నాకు అప్పుడు వరండా గుర్తొచ్చింది. పైడమ్మకి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మిషన్ మాదేననీ, ఇక రాదనీ చెప్పాల్సినవాణ్ణి నేనే. లేవబోయి, ఇచ్చిన మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

"బయట ఒకావిడ ఉంది. ఆమెతో మాట్లాడి వస్తాను."

"ఎవరు?"

ఆమెకు అబద్ధం చెబుదామనుకున్నాను. వేళ్ళు రాలేదు. మొత్తం చెప్పేశాను. వాళ్ళబ్బాయికి రేకు పెట్టారనీ, నీ మాదిరే చీకట్లో ఉన్నాడనీ, మిషన్ ఇదొక్కటేననీ.

హైమ చకచకా కొట్టడం మొదలుపెట్టింది. "రాత్రిపూట ఇది నా పక్కన ఊరికే పడుంటోంది కదా? రాత్రి ఆ అబ్బాయికి పెట్టమనండి. పగలు నాకు."

"అట్లా కుదరదట. ఒక మనిషికి ఒక మిషన్ అని వాళ్ళ ప్రయోగం నియమం."

"నియమం పెట్టినాయన ఒక్క పూట వచ్చి ఇక్కడ ఉండమనండి."

ఆ మాట ఉన్నదున్నట్టు డాక్టరుగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చదివారు. లెక్కలన్నీ కలగాపులగం అయిపోతాయని గొణిగారు. తర్వాత నర్సుని పిలిచి, సాయంత్రం మిషన్ పక్క గదికి తోయమన్నారు. పైడమ్మకి నేనే చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "ఆ యమ్మకి నాను ఏటి సెప్పగలను బాబూ" అంది. ఏమీ చెప్పక్కర్లేదమ్మా, లోపలికి పదండి అన్నాను.

సాయంత్రమైంది. నర్సు వచ్చి మిషన్ తీగ దగ్గర నిలబడింది.

"హైమా, ఇప్పుడు తీస్తున్నారు. పొద్దున్నే పెడతారు" అని కొట్టాను.

"సరే. మీరేం చేస్తారు?"

"ఇక్కడే కూర్చుంటాను."

"కూర్చున్నా నాకు తెలియదు కదండీ. పోయి ఏదైనా తిని పడుకోండి."

సరేనని కొట్టాను. నర్సు తీగ తీసింది. మిషన్ చక్రాల మీద వరండాలోకి వెళ్ళిపోయింది. నేను కుర్చీ మంచానికి ఇంకా దగ్గరగా జరుపుకుని, ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి, తెల్లవారేదాకా కదలకుండా కూర్చున్నాను.